సారు బొటనేలు పెట్టిండు.. గదేం జవాబు?

2022 డిసెంబర్ల మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నేనప్పుడు నల్లగొండల డిగ్రీ ఫైనలియర్. దవాఖాన వరండల చెప్పులిడిచే కాడ కూసోని మా ఎకనామిక్స్ సారుకు వాట్సాప్‌ల మెసేజ్ రాసిన. ఎట్ల రాయాలె అని అర్ధగంట పట్టింది. "రెస్పెక్టెడ్ సార్" అని మొదలువెట్టిన. ఇంగ్లిష్‌ల తప్పులు పోతయేమోనని కొట్టేసిన. తెలుగుల రాస్తే ఏమనుకుంటడో అని అదీ కొట్టేసిన. ఆఖరికి ఇంగ్లిష్ అక్షరాలతోని తెలుగు రాసి పంపిన. అమ్మకు ఆపరేషన్ ఉంది, నాలుగొద్దులు రాను, ఇంటర్నల్ పరీక్ష ఉన్నదని ఎరుకే, జర చూడుండ్రి సార్.. గిదీ సంగతి.

రెండు టిక్కులు నీలిరంగుకు మారినయ్. సారు చూసిండు. పది నిమిషాలకు నా మెసేజ్ కింద మూలకు ఒక బొటనేలు బొమ్మ వచ్చింది. గంతే. ఒక్క ముక్క లేదు. అమ్మకెట్లుంది అని లేదు, పరీక్ష సంగతి లేదు. మా అమ్మ కడుపు కోస్తున్నందుకు సారు శబాష్ అంటుండా ఏంది అనిపిచ్చింది. పక్కకున్న మా చిన్నమ్మకు చూపెడితే, "పెద్ద సార్లు గట్లనే ఉంటరు తియ్‌రా" అన్నది.

ఆ రోజు నుంచి ఆ సారు నా మనసుల దిగిపోయిండు. అంతకుముందు ముందు బెంచిల కూసునేటోన్ని, ఎనకకు జరిగిన. ఆయన మంచిగ చెప్పినా నాకు మంచిగ ఇనబడలె. ఇంటర్నల్ పరీక్ష నాకు తర్వాతి వారం పెట్టిన్రు. అందరికీ గట్లనే పెడ్తరు గావొచ్చు అనుకున్న. ఏడాదిన్నర అయినంక సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోతే ఆఫీసుల క్లర్కు మాటల మధ్యల చెప్పిండు. నా ఒక్కని పరీక్ష కోసం ఆ సారు పరీక్షల సెక్షన్ కాడికి మూడుసార్లు తిరిగిండట, లెటరు ఆయనే రాసిచ్చిండట. ఆ బొటనేలుకు "నేను చూసుకుంట, నువ్వు అమ్మను చూసుకో" అని అర్థమట. గది నాకెట్ల తెలుస్తది?

ఇది నా ఒక్కని ముచ్చట అయితే ఇక్కడ రాసేటోన్ని కాదు. మన ఊర్ల పిల్లలకు సార్లతోని, మేడంలతోని మాట్లాడుడు ఇప్పుడు క్లాసుల కంటే ఫోన్లనే ఎక్కువైంది. 2020 మార్చిల బడులు బంద్ అయినయ్. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిల, టీశాట్‌ల పాఠాలు పెట్టిన్రు. టీవీల పాఠం అయిపోయినంక వర్క్‌షీట్లు, డౌట్లు, హాజరు అంత వాట్సాప్ గ్రూపులకు చేరింది. బడులు మల్లా తెరిచిన్రు గానీ ఆ గ్రూపులు మూయలె. ఇయ్యాల ఏ ఊరు బడికి పోయినా క్లాసుకొక గ్రూపు, డిగ్రీ కాలేజీల సబ్జెక్టుకొక గ్రూపు. హాల్‌టికెట్ దాంట్లనే, స్కాలర్‌షిప్ తారీఖు దాంట్లనే, తిట్లూ దాంట్లనే.

పట్నం కాలేజీలల్ల, విదేశాలల్ల ఈ పని ఈమెయిల్ చేస్తది. మన దగ్గర ఈమెయిల్ అంటే దోస్త్ అప్లికేషన్ కోసం ఇంటర్నెట్ సెంటరాయన పెట్టిచ్చింది. దాని పాస్‌వర్డ్ మనకు తెల్వదు, ఆయనకే తెలుసు. కాబట్టి ఆడ ఈమెయిల్ గురించి చేసిన పరిశోధనల్ని ఈడ వాట్సాప్‌కు వర్తించుకొని చదువుకోవాలె.

అసొంటి పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్‌ల బెన్ గురియన్ యూనివర్సిటీకి చెందిన ఎల్లా గ్లిక్సన్, ఆమెతోని ఇంకో ఇద్దరు కలిసి 2017ల బయటవెట్టిన్రు. 29 దేశాలకు చెందిన 549 మందితోని చేసిన ప్రయోగాలవి. ముందుగాల ఎన్నడూ చూడని మనిషి నుంచి పని మీద ఒక ఈమెయిల్ వచ్చినట్టు చూపెట్టిన్రు. కొందరికి నవ్వు బొమ్మ ఉన్న ఈమెయిల్, కొందరికి లేనిది. తర్వాత అడిగిన్రు, ఈ మనిషి మంచోడనిపిస్తుండా, పని తెలిసినోడనిపిస్తుండా అని. నవ్వుతున్న మనిషి ఫొటో చూసినోళ్లు మంచోడూ అన్నరు, పని తెలిసినోడూ అన్నరు. నవ్వు బొమ్మ చూసినోళ్లు మాత్రం మంచోడనేం అనలె, పైగ పని తెల్వనోడన్నరు. ఇంకోటి గూడ తేలింది. నవ్వు బొమ్మ ఉన్న ఈమెయిల్‌కు జనం ఇచ్చే జవాబుల్ల వివరం తక్కువ. అంటే పైపైన జవాబిచ్చి ఊకున్నరు.

అయితే అది ఆఫీసు పనుల మీద చేసిన ప్రయోగం, బడి మీద గాదు. మొదటి పరిచయం ముచ్చటే గానీ మూడేండ్లు మొకం చూసుకుంట కూసునే క్లాసు ముచ్చట గాదు. దోస్తుల లెక్క మాట్లాడుకునే కాడ ఈ నష్టం ఉండదని వాళ్లే చెప్పిన్రు. మరి సారుకూ పిల్లగానికీ నడుమ ఉన్నది ఆఫీసు సంబంధమా, ఇంటి సంబంధమా? మన దగ్గర ఈ ప్రశ్నకే సరిగ్గ జవాబు లేదు. పొద్దున హాజరు కాడ ఆఫీసరు, మధ్యాన్నం అన్నం కాడ మేనమామ, సాయంత్రం గ్రూపుల మల్లా ఆఫీసరు.

నేను డిగ్రీ అయినంక పాలమూరు యూనివర్సిటీల పీజీ చేసిన. మాది దేవరకొండ దిక్కు. కల్వకుర్తి, జడ్చర్ల మీదుంగ బస్సుల పోతుంటే ఫోన్ల గ్రూపులు చదువుడే పని. రెండేండ్లల్ల ఎన్నో గ్రూపులు చూసిన. ఒక సంగతి పట్టుకున్న. అసలు సారు బొమ్మ పెట్టిండా లేదా అన్నది తర్వాతి మాట. ఆ బొమ్మకు ముందు ఏ భాషల రాసిండు అన్నదే మొదటి మాట.

మన తెలుగుల క్రియ చివర్లనే మనిషి మొకం కనిపిస్తది. "పంపు" అంటే ఒకటి. "పంపురా" అంటే ఇంకోటి. "పంపు బిడ్డా" అంటే సారు గొంతు చెవులకు ఇనబడ్తది. "పంపుండ్రి" అంటే అందరినీ కలిపి ఇంటోళ్ల లెక్క అన్నడు. "పంపండి" అంటే జర దూరం ఉంచి మర్యాద ఇచ్చిండు. "పంపగలరు" అంటే ఇగ ఎమ్మార్వో ఆఫీసు నోటీసే. ఒక్క పనిమాటకు ఇన్ని మొకాలున్నయ్. ఇది రాసినోనికి మనం ఏమైతమో, ఆయన కోపంల ఉన్నడో చల్లగున్నడో చివరి రెండు అక్షరాలు చెప్తయ్.

అదే సారు గ్రూపుల ఏం రాస్తడు? "సబ్మిట్ బిఫోర్ ఫైవ్ పీఎం. నో ఎక్స్‌క్యూజెస్" అని రాస్తడు. ఇంగ్లిష్‌ల ఆ వాక్యానికి మొకం లేదు. బిడ్డా లేదు, రా లేదు, అండి లేదు. రాసిన సారుకే జర కఠినంగ అనిపిస్తది. అప్పుడు దాని ఎనక ఒక నవ్వు బొమ్మో దండం బొమ్మో అతికిస్తడు. తెలుగు ఇడిచిపెట్టిన కాడ ఏర్పడ్డ బొందను పసుపుపచ్చ మొకంతోని పూడుస్తున్నడన్నట్టు. నా లెక్కల చాలా బొమ్మలు గిందుకే పుడుతున్నయ్.

ఈ బొంద మన ఒక్కలకే గాదు. అక్షరాలతోని చేసిన తొలి నవ్వు గుర్తుల్ల బాగ పేరుపడ్డది గూడ ఒక యూనివర్సిటీలనే పుట్టింది. 1982 సెప్టెంబర్ 19న అమెరికాల కార్నెగీ మెలన్ యూనివర్సిటీల స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జోకుకు గుర్తుగ రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్ పెడదాం అన్నడు. ఎందుకంటే అంతకుముందు వాళ్ల కంప్యూటర్ నోటీసు బోర్డు మీద లిఫ్టుల పాదరసం ఒలికిందని ఎవరో జోకు రాస్తే, అది నిజమనుకునేటోళ్లు తయారైన్రు. అంత చదువుకున్నోళ్ల నడుమనే రాతల జోకు జోకు లెక్క చేరలె. మన పదో తరగతి గ్రూపుల చేరుతదా?

బొమ్మతోని మనసు చెప్పుడు మనకు కొత్త గాదు. లగ్గం పత్రిక నాలుగు మూలలకు పసుపు పెడ్తం. అక్షరం రాని ముసలామెకు గూడ పసుపు చూడంగనే శుభం అని తెలుస్తది, చదివిచ్చుకునే పనే లేదు. బడిల చూసినా గంతే. ఎర్ర పెన్నుతోని టిక్కు, కింద సంతకం, మంచిగ రాస్తే "గుడ్". ఆ "గుడ్" కోసం హోంవర్క్ రెండుసార్లు రాసిన రోజులు నాకు యాదికున్నయ్. అయితే పసుపుకు అర్థం ఒక్కటే, ఊరందరికీ ఎరుకే. ఎర్ర టిక్కుకూ అర్థం ఒక్కటే. బొటనేలుకు గట్ల లేదు.

బొటనేలు అర్థం ఏందని కోర్టులే కొట్లాడుకున్నయ్. రైల్వే రక్షణ దళం, అదే ఆర్పీఎఫ్‌ల ఒక కానిస్టేబుల్ ఉండె. ఒక ఆఫీసర్ హత్య అయిన వార్త వాళ్ల వాట్సాప్ గ్రూపుల వచ్చింది. ఈయన దాని కింద బొటనేలు పెట్టిండు. చావుకు సంబురపడ్డవని నౌకరి నుంచి తీసేసిన్రు. మెసేజ్ చూసినా అని చెప్పేందుకు పెట్టిన, అంతే అని ఆయన మొత్తుకున్నడు. ఆఖరికి 2024 మార్చిల మద్రాసు హైకోర్టు ఆయన దిక్కు నిలబడ్డది. ఆ గుర్తును "ఓకే" అనే మాటకు బదులుగ చూడొచ్చు, అది హత్యను మెచ్చుకున్నట్టు గాదు అన్నది. ఒక్క ఏలు బొమ్మకు ఒక మనిషి బతుకుదెరువే పోయి మల్లా వచ్చింది.

కెనడాల దీనికి ఉల్టా అయింది. అక్కడొక రైతుకు 2021 మార్చిల ధాన్యం కొనే కంపెనీ నుంచి అవిసెల ఒప్పందం కాయితం ఫొటో ఫోనుకు వచ్చింది, ఖాయం చెయ్యమని. రైతు బొటనేలు బొమ్మ పెట్టిండు. పంట చేతికొచ్చే కాలానికి రేటు పెరిగింది, రైతు పంపలె. కాయితం అందిందని చెప్పిన గానీ ఒప్పుకున్నా అనలే అన్నడు. 2023 జూన్‌ల కోర్టు అది సంతకం లెక్కనే అని చెప్పి, 82 వేల కెనడా డాలర్లకు పైగ కట్టమన్నది. మన దగ్గర పత్తి, వడ్లు బేరాలు గూడ ఇప్పుడు ఫోన్లనే నడుస్తున్నయ్, పైలం.

ఇగ చూడుండ్రి. "చూసిన" అని ఒక అర్థం, "ఒప్పుకున్న" అని ఒక అర్థం, "సంబురం" అని ఒక అర్థం. జడ్జీలు నెలల తరబడి వాదనలు ఇని తేల్చేదాన్ని, దవాఖాన వరండల నిద్రలేకుండ కూసున్న ఇరవై ఏండ్ల పోరడు పది సెకండ్లల్ల తేల్చుకోవాలె. వాడు ఎట్ల తేల్చుకుంటడంటే, తనకున్న భయాన్ని బట్టి తేల్చుకుంటడు.

దీనికి వయసు తేడా ఒకటి తోడైంది. యాభై ఏండ్ల సారుకు పెదవులు జర వంచిన చిన్న నవ్వు బొమ్మ అంటే నిజంగ నవ్వే. మా ఈడు పోరలకు అది ఎటకారం. "సరే లే, నీ ఇష్టం" అని మూతి తిప్పుకున్నట్టు. కండ్ల నీళ్లొచ్చేటట్టు నవ్వే బొమ్మను 2015ల ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆ ఏడాది పదంగ ఎంచుకున్నది. ఇప్పుడు దాన్ని పెడితే పిల్లలు "పెద్దనాయిన బ్యాచ్" అంటున్నరు. వాళ్లు నవ్వాలంటే పుర్రె పెడ్తరు. ఒక సారు పుర్రెను చూసి నిజంగనే బుగులుపడ్డడు, ఎవరికేమైంది బిడ్డా అని ఫోన్ చేసిండు. మేం నవ్వి నవ్వి చచ్చినం గానీ, ఆ సారు ఫోన్ చేసిండన్నది ఇప్పుడు యాదికొస్తే వేరే తీరుగ అనిపిస్తది.

అసలు కొట్లాట ఆడోళ్ల కాడ ఉంది. మగ సారు నవ్వు బొమ్మ పెడితే "సారు సరదా మనిషి" అంటరు. లేడీ లెక్చరర్ అదే బొమ్మ పెడితే స్క్రీన్‌షాట్ తీస్తరు. గుండె బొమ్మ అయితే చెప్పే పనే లేదు, సాయంత్రానికి హాస్టల్ అంత తిరుగుతది. బాగ రాసినవ్ అని ఒక మేడం ఒక పిల్లగానికి ఎర్ర గుండె పెడితే ఏమైందో నేను కండ్లార చూసిన. ఆ పిల్లగాడు మంచోడే, మిగిలినోళ్లు ఊకోలె. ఆమె ఆ తెల్లారి గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు మార్చింది. తర్వాత ఆమె రాసిన ప్రతి మెసేజ్ ఇనుప గేటు లెక్కుండె. మల్లా పోరలే అన్నరు, "మేడంకు గర్వం" అని. బొమ్మ పెడితే అలుసు, పెట్టకుంటే గర్వం. నేను గూడ ఆ గుంపుల నవ్వినోన్నే, కాదనను.

గెస్టు లెక్చరర్ల సంగతి ఇంకింత సన్నం. మన ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీలల్ల గెస్టు కింద చెప్పేటోళ్లకు పీరియడ్ లెక్కన పైసలు, ఏడాది తిరిగితే ఉంటరో పోతరో తెల్వదు. పర్మనెంట్ ప్రొఫెసర్ ఒట్టి బొటనేలు పెట్టినా ఆయనకేం గాదు, "పెద్దాయన, టైం లేదు" అని మనమే సర్దిచెప్పుకుంటం. గెస్టు మేడం పిల్లలకు దగ్గర కావాలె, అయితే అలుసు కావొద్దు. "ఈమెకు సబ్జెక్టు రాదు, బొమ్మలు పెట్టుడే వస్తది" అన్న మాట ప్రిన్సిపాల్ చెవుల పడితే ఆమె నౌకరి మీదికే వస్తది. పైన చెప్పిన ప్రయోగంల ఇంకో ముక్క ఉంది. రాసింది ఆడో మగో తెల్వనప్పుడు, నవ్వు బొమ్మ ఉంటే ఆడామె రాసిందని అనుకునేటోళ్లే ఎక్కువ. అంటే నవ్వుడు ఆడోళ్ల పని, పని తెలుసుడు నవ్వనోళ్ల పని. ఈ లెక్క ఆడ గంతే, మన కాడ గంతే.

ఇప్పటిదాంక చెప్పింది చదివి నేను బొమ్మలకు ఎతిరేకం అనుకోవద్దు. 2011 జనాభా లెక్కలల్ల పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంల గదే అన్నింటికంటే తక్కువ. పాత నల్లగొండది 64 శాతం. ఇయ్యాల డిగ్రీ చదివే పిల్లలల్ల ఎందరి అమ్మనాయినలు ఆ మిగిలిన లెక్కల ఉన్నరో మీకే ఎరుక. మా అక్క కొడుకు బడి గ్రూపుల తల్లిదండ్రులు గూడ ఉన్నరు. కొందరు బొంబాయిల, పుణెల పనికి పోయినోళ్లు. ముసలోళ్ల కాడ పిల్లల్ని ఇడిచిపెట్టి పోయిన్రు. అక్కడి టీచరమ్మ సెలవుంటే ఇల్లు బొమ్మ పెడ్తది, బడి ఉంటే పుస్తకం బొమ్మ పెడ్తది, పైసలు కట్టే పని ఉంటే నోట్ల కట్ట బొమ్మ. కింద వాయిస్ మెసేజ్ పెడ్తది. పిల్లగాడు బడికొచ్చిండని ఫొటో, పక్కకు పచ్చ టిక్కు. బొంబాయిల కంకర మోసే తల్లి ఆ టిక్కు చూసుకొని తిరిగి దండం బొమ్మ పంపుతది. చదువు రాని మనిషి తన సొంత చేతితోని బడికి జవాబిచ్చింది! మా అమ్మ బడిల వేలిముద్రేసిన చెయ్యి. ఇప్పుడు గదే ఏలుతోని బొమ్మలు ఒత్తుతది. దీన్ని నేను చిన్నగ చూడలేను. ఆ టీచరమ్మను తెలివి తక్కువది అనేటోడు ఆ గ్రూపుల ఒక్కడు లేడు, ఎందుకంటే అక్కడ బొమ్మకు అర్థం ఖాయమైంది. పసుపు లెక్క.

అదే దండం బొమ్మ కాలేజీ ఆఫీసు కాడ ఏమైతదో చూడుండ్రి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు సర్కారు నుంచి రాలేదని సర్టిఫికెట్లు ఆపుడు మన పిల్లలకు అలవాటైన బాధ. నా దోస్తు ఒకడు టీసీ కోసం వాళ్ల ప్రైవేటు కాలేజీ ఆఫీసు నంబరుకు మెసేజ్ పెట్టిండు, చివర్ల మూడు దండాలు. అటు నుంచి ఒక దండం వచ్చింది. ఆడ ఒక్క మాట లేదు. మల్లా నాలుగొద్దులకు ఐదు దండాలు పెట్టిండు. మల్లా ఒక దండం. కిందోడు పెడితే అది బతిమాలుడు, పైనోడు పెడితే "ఇగ అడుగకు, నడువు". ఇద్దరూ చేతులు జోడిచ్చిన్రు గానీ ఒకని కాయితం ఇంకొకని బీరువల ఉన్నది. ఆ బొమ్మ ఒక జవాబైతే కనీసం తారీఖు అన్న చెప్పాలె గదా. వాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఎవరికి చూపెడ్తడు? "ఇయ్యము" అని రాసిస్తే ఫిర్యాదు చేసుకోవచ్చు. దండం మీద ఏ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేస్తరు?

2022 మేలో వాట్సాప్ మెసేజ్ కిందనే బొమ్మ అతికిచ్చే సౌలత్ తెచ్చింది. మొదలు ఆరే బొమ్మలిచ్చిన్రు. బొటనేలు, గుండె, నవ్వు, ఆశ్చర్యం, ఏడుపు, దండం. అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపులల్ల పిల్లలకు మిగిలిన నోరు గదే. పరీక్ష తారీఖు మారితే ఏడుపు, సెలవిస్తే గుండె. "సార్, ఆ రోజు మా ఊరు బస్సు రాదు" అని చెప్పేందుకు వాళ్ల కాడ బొమ్మ లేదు. సార్లు ఆ గుండెలు లెక్కపెట్టుకొని పిల్లలకు సమ్మతమే అనుకుంటరు. ఏడుపు బొమ్మ పెట్టినోనికి మాత్రం తెల్లారి క్లాసుల "ఏం రా, ఏడుస్తున్నవట" అని పడ్తది. గ్రూపుల పిల్లగాని పేరు అందరికీ కనిపిస్తది మరి.

సార్లకు నేను చెప్పేంత పెద్దోన్ని గాను. ఒక్కటే అడుగుత. అందరికీ పెట్టే నోటీసుకు బొమ్మలు మీ ఇష్టం. ఒక్క పిల్లగాడు చావు సంగతో, దవాఖాన సంగతో, ఫీజు సంగతో మీకు ఒక్కరికే రాస్తే మాత్రం బొటనేలుతోని ఇడిచిపెట్టకుండ్రి. రెండు మాటలు చాలు. "అట్లనే బిడ్డా" అన్నా చాలు. టైప్ చేసే ఓపిక లేకుంటే మైకు ఒత్తి రెండు సెకండ్లు మాట్లాడుండ్రి, మీ గొంతే సగం పని చేస్తది. తెలుగుల రాస్తే చిన్నతనం అని మాత్రం అనుకోకుండ్రి. వచ్చీరాని ఇంగ్లిష్ కంటే "రేపటిదాంక ఆగు బిడ్డా" అన్న రాతల మీరు పెద్దగ కనిపిస్తరు. పిల్లలూ, మీరు గూడ. అర్థంగాకుంటే అడుగుండ్రి. నేను అడిగి ఉంటే, "సార్, పరీక్ష సంగతి?" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ సారు చెప్పెటోడే. నేను పౌరుషానికి పోయిన. డిగ్రీ అయ్యేదాంక ఎనక బెంచిల కూసున్న నష్టం ఆయనకేం గాలే, నాకే అయింది. ఆయన ఎకనామిక్స్ మంచిగ చెప్పేటోడు.

ఇప్పుడు నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీల అదే ఎకనామిక్స్ చెప్తున్న. పోయిన వారం పొద్దున బండి మీద పోతుంటే ఫోన్ మోగింది. సెకండియర్ పిల్లగాడు రాసిండు. వాళ్ల నాయినకు జెరమట, పత్తి ఏరేందుకు కూలోళ్లు దొరకలేదట, మబ్బువట్టిందట, వాన పడితే పత్తి నల్లబడ్తదట, రెండొద్దులు రాను సార్ అని. కింద మూడు దండాలు. నాకు క్లాసుకు ఆలస్యమైతుంది. బండి పక్కకు ఆపి మెసేజ్ మీద ఏలు పెట్టి ఒత్తిపట్టిన. ఆరు బొమ్మలు వరుసగ లేచినయ్. అన్నింటికంటే ముందల బొటనేలే ఉన్నది, దాని మీదికే నా ఏలు పోయింది.

మా సారు గూడ ఆ రోజు గిట్లనే ఏ బండి మీదనో ఉండొచ్చు.

ఏలు తీసేసి రాసిన. "నాయిన పైలం. పత్తి ఏరుకొని రా. నోట్స్ ఫొటోలు నేను పంపుత." వాడు తిరిగి ఒక గుండె బొమ్మ పెట్టిండు. దాన్ని ఎట్ల అర్థం చేసుకోవాలెనో జరసేపు ఆలోచించి, బండి స్టార్ట్ చేసిన.